చమురు ఒలికితే ఏ పద్ధతి? సముద్రానికి సరిపడేది, మన చెరువుకు సరిపడేది

163వ నంబరు జాతీయ రహదారి జనగామ నుంచి వరంగల్, ములుగు మీదుగా ఏటూరునాగారం పోయే తోవలో ఎన్నో చెరువులు, వాగులు తగులుతాయి. అదే రోడ్డు మీద డీజిల్, పెట్రోల్ ట్యాంకర్లు నడుస్తాయి. చిన్న ట్యాంకర్‌లో 12,000 లీటర్లు పడుతుంది, పెద్దవాటిలో 20,000 లీటర్ల పైన. అది కల్వర్టు దగ్గర బోల్తా పడితే చమురు వాగులోకి, వాగు నుంచి చెరువులోకి, ఆ చెరువు మత్తడి దూకుతుంటే కింది చెరువులోకి పోతుంది. గొలుసుకట్టు చెరువులు నీళ్లు ఏ దారిన పంచుతాయో చమురునూ అదే దారిన పంచుతాయి.

చమురు ఒలికితే ఏం చేస్తారంటే మనకు గుర్తొచ్చేవి సముద్రంలో చేసిన పనులే. తేలే కంచె వేయడం, పైతెట్టును యంత్రంతో తోడడం, మందు చల్లి చమురును చెదరగొట్టడం, అంటుబెట్టి కాల్చడం, పీల్చే సరుకు వేయడం, సూక్ష్మజీవులకు వదిలేయడం. ఈ ఆరింటిలో రెండింటిని మన చెరువు దరిదాపులకు రానీయకూడదు. మిగిలిన నాలుగింటిలో ఏది ఎక్కడ, ఎంత, ఏ వరుసలో అన్నది పంచాయతీలు, మత్స్య సహకార సంఘాలు, బంకు యజమానులు, కాల్వల మీద పనిచేసే సిబ్బంది ముందే అనుకొని పెట్టుకోవాలి. చమురు ఒలికాక ఆలోచించడానికి గంట కూడా దొరకదు.

సముద్రంలో చేతికి చిక్కింది ఎంత

2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలింది. 11 మంది చనిపోయారు. నీటి మట్టానికి సుమారు 1,500 మీటర్ల అడుగున ఉన్న బావి నుంచి 87 రోజుల పాటు, జూలై 15న మూత బిగించేదాకా చమురు పొంగింది. అమెరికా ప్రభుత్వ అంచనా 49 లక్షల బ్యారెళ్లు. బ్యారెల్‌కు 159 లీటర్ల చొప్పున సుమారు 78 కోట్ల లీటర్లు, అంటే 12,000 లీటర్ల ట్యాంకర్లు 65,000. (ఆ తర్వాత 2015లో కోర్టు సముద్రంలో కలిసింది 31.9 లక్షల బ్యారెళ్లని తేల్చింది.)

వేల పడవలు, విమానాలు, నెలల తరబడి పని. అంత చేసినా తోడు యంత్రాలతో తిరిగి తీసుకోగలిగింది సుమారు 3 శాతం. 411 సార్లు నిప్పు పెట్టి కాల్చింది సుమారు 5 శాతం. అన్నిటికన్నా ఎక్కువ దక్కింది బావి మూతి దగ్గరే గొట్టం పెట్టి పట్టుకున్న 17 శాతం. చెదరగొట్టే మందు మాత్రం దాదాపు 70 లక్షల లీటర్లు పోశారు.

ఏ పద్ధతి ఎంచుకోవాలన్నా ఈ అంకెలే ఆధారం. చమురు మందంగా, ఒక్కచోట ఉన్నప్పుడు పట్టిందే లాభం. పరుచుకున్నాక ఎంత పెద్ద యంత్రం తెచ్చినా దక్కేది కొంచెమే. మామూలుగా సముద్రంలో తోడి తీసేది ఒలికినదాంట్లో 10–15 శాతం దాటడం అరుదు. మనకున్న సౌలభ్యం ఏమిటంటే చెరువుకు కట్ట ఉంది, కాల్వకు గేటు ఉంది, వాగుకు అడ్డం కట్టొచ్చు. సముద్రంలో ఇవేవీ లేవు. అందుకే ఇక్కడ సరిగ్గా చేస్తే సముద్రం కంటే చాలా ఎక్కువ శాతం తిరిగి తీయొచ్చు.

చమురు ఎంత పలచగా పరుచుకుంటుందో కూడా తెలిసి ఉండాలి. నీటి మీద ఇంద్రధనుస్సు రంగులు కనబడటం మొదలయ్యే పొర మందం మిల్లీమీటరులో 3,000వ వంతు కన్నా తక్కువ. ఆ మందంలో ఒక్క లీటరు డీజిల్ 33 గుంటల నీటిని కప్పేస్తుంది. కాబట్టి చెరువంతా రంగులు తేలినంత మాత్రాన ట్యాంకర్ మొత్తం చెరువులో కలిసిందని హడలిపోవద్దు. ఆ రంగుల పొరను తోడబోయి రోజంతా వృథా చేసుకోవద్దు. నల్లగానో, గోధుమరంగులోనో, సొంత రంగుతో మందంగా కనబడేచోట అసలు సరుకు ఉంటుంది. పని అక్కడ.

ముందు ఏ చమురో తెలుసుకోవాలి

ట్యాంకర్ వెనక, పక్కల అతికించే ప్రమాద సూచిక పలక మీద 4 అంకెల నంబరు ఉంటుంది. 1202 అంటే డీజిల్. 1203 పెట్రోల్. 1223 కిరోసిన్. ఆ పలక మీదే కంపెనీ అత్యవసర ఫోన్ నంబరు ఉంటుంది. 112కు ఫోన్ చేసేటప్పుడు ముందు చెప్పాల్సింది ఈ నంబరే.

1203 అయితే చెరువు సంగతి తర్వాత, ముందు మనుషుల సంగతి. పెట్రోల్ ఆవిరి చలికాలంలోనూ అంటుకుంటుంది. కారుతున్నచోట నుంచి అన్ని వైపులా కనీసం 50 మీటర్లు, ఎక్కువగా పారితే గాలి కొట్టుకుపోయే దిక్కున 300 మీటర్లు ఖాళీ చేయించాలి. ట్యాంకర్‌కే మంట అంటుకుంటే 800 మీటర్లు. పెట్రోల్‌ను కంచె వేసి మందంగా పోగు చేయడం, మోటారు పెట్టి తోడటం రెండూ ప్రాణాంతకం. దాన్ని ఆవిరి కానివ్వడమే సరైన ఎంపిక. క్యాన్లు, బిందెలు పట్టుకొని వచ్చేవాళ్లను దగ్గరికి రానీయకుండా ఆపడం ఆ గంటలో జరగగల అతి గొప్ప సాయం.

డీజిల్ అంటుకోదులే అన్న ధీమా మన ఎండాకాలంలో చెల్లదు. మన దగ్గర డీజిల్‌కు నిర్దేశించిన కనిష్ఠ జ్వలన ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ నీడలోనే 42 దాటుతుంది. అంటే ఒలికిన డీజిల్ పైన అంటుకునేంత ఆవిరి ఉంటుంది. బీడీ, సెల్‌ఫోన్ దీపం, ట్రాక్టర్ సైలెన్సర్ ఏదైనా దూరం పెట్టాల్సిందే.

మూడో రకం బరువైన ఫర్నేస్ ఆయిల్. థర్మల్ కేంద్రాల్లో బాయిలర్ వెలిగించడానికి, కొన్ని ఫ్యాక్టరీల్లో కొలిమికి వాడతారు. ఇది తొందరగా అంటుకోదు, ఆవిరీ పెద్దగా కాదు. కానీ నీటిని పీల్చుకొని ముద్దవుతుంది. అలా ముద్దయ్యే చమురు పరిమాణం 4–5 రెట్లు కూడా పెరగొచ్చు. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నప్పుడు తీరానికి కొట్టుకొచ్చిన అలాంటి ముద్దను పంపులు లాగలేకపోయాయి. చివరికి మనుషులు వరుసల్లో నిలబడి బకెట్లతో ఎత్తిపోయాల్సి వచ్చింది. ఫర్నేస్ ఆయిల్‌కు పారలు, బకెట్లు, డ్రమ్ములే ఆధారమని ముందే అనుకోవాలి.

వద్దే వద్దనాల్సినవి: చెదరగొట్టే మందు, నిప్పు

చెదరగొట్టే మందు చమురును తీసేయదు. సన్నని బొట్లుగా విడగొట్టి నీళ్లలోకి దింపుతుంది. వందల మీటర్ల లోతున్న సముద్రంలో ఆ బొట్లు పలచబడతాయి. మన దేశంలో దాన్ని సముద్రంలో వాడాలన్నా కోస్ట్ గార్డ్ అనుమతి కావాలి, తీరం దగ్గరి లోతు తక్కువ నీళ్లలో వాడరు. మన చెరువుల లోతు కొద్ది మీటర్లే. అదీగాక ఈ మందుల్లో చాలావరకు ఉప్పునీటి కోసం తయారైనవి, మంచినీటిలో సరిగా పనిచేయవు. వడ్డేపల్లి, ధర్మసాగర్ లాంటివి తాగునీటి చెరువులు. పైన తేలుతున్నంతసేపు పట్టుకోగల చమురును మనమే నీళ్లలో కలిపి నల్లా దాకా పంపినట్టవుతుంది.

బట్టల సబ్బు పొడి, గిన్నెల లిక్విడ్ కుమ్మరించడం కూడా ఇదే పని. రంగులు కంటికి కనబడకుండా పోతాయి, చేపలు చస్తాయి. 1967లో ఇంగ్లండ్ తీరాన టోరీ కాన్యన్ ఓడ పగిలినప్పుడు చల్లిన డిటర్జెంట్లు చమురు కంటే ఎక్కువ జీవులను చంపాయి. అర్ధ శతాబ్దం దాటినా అదే పొరపాటు ఊరూరా జరుగుతోందంటే బాధగా ఉంటుంది.

కాల్చాలంటే పొర కనీసం 2–3 మిల్లీమీటర్లు ఉండాలి, నిప్పుకు తట్టుకునే కంచె కావాలి, చుట్టూ కిలోమీటర్ల మేర ఎవరూ ఉండకూడదు. కట్ట మీద తాటిచెట్లు, కట్ట కింద వరి, పక్కనే ఊరు ఉన్నచోట ఆ ఆలోచనే వద్దు. కాలగా మిగిలిన తారు అడుగుకు దిగితే తీయడం ఇంకా కష్టం.

ఆపడం: నాలుగు దారులు, నీటి వేగాన్ని బట్టి

అన్నింటికన్నా చవకైనది, గట్టిది, నేల మీదే ఆపడం. ట్యాంకర్ నుంచి వాగు దాకా ఉన్న నాలాకు మొరంతో అడ్డుకట్ట. జేసీబీకి 10 నిమిషాల పని. కల్వర్టు మూతికి ఇసుక సంచులు, వాటి వెనక టార్పాలిన్. రోడ్డు కడగడానికి నీళ్లు కొట్టనివ్వొద్దు. కడిగిన నీళ్లే చమురును చెరువుకు మోసుకుపోతాయి. నేల రకం కూడా చూసుకోవాలి. రేగడి నేల తడిసి ఉంటే చమురును పైనే నిలుపుతుంది. ఎండి నెర్రెలు బారి ఉంటే నేరుగా లోపలికి మింగుతుంది. చెలక నేలలో ఎప్పుడైనా ఇంకుతుంది. దగ్గర్లో బావి, బోరు ఉంటే గుంట తవ్వి నిలపాలనుకోవద్దు. తప్పనిసరైతే అడుగున మందపాటి పాలిథిన్ పరచాలి.

చమురు పారే నీటిలో పడితే ముందు వేగం కొలవాలి. ఒడ్డున 10 మీటర్లు కొలిచి, ఎండుపుల్ల వేసి ఎన్ని సెకన్లలో దాటుతుందో చూడాలి. 28 సెకన్లు, అంతకు మించి పడితే తేలే కంచెను అడ్డంగా వేయొచ్చు. 20 సెకన్లు పడితే ప్రవాహానికి 45 డిగ్రీల వాలుగా వేయాలి. 10 సెకన్లే పడితే 20 డిగ్రీల వాలు. అంతకంటే తక్కువైతే అక్కడ కంచె వేయడం దండగ, చమురు కంచె కింది నుంచి దూరి పోతుంది. సెకనుకు 0.35 మీటరు దాటిన నీరు నేరుగా తగిలితే ఏ కంచె అయినా ఇలాగే ఓడిపోతుంది. వాలు పెరిగేకొద్దీ కంచె పొడవూ పెరుగుతుంది. 20 మీటర్ల వెడల్పు కాల్వకు 45 డిగ్రీల్లో 28 మీటర్లు, 20 డిగ్రీల్లో 58 మీటర్లు కావాలి. వాలుగా వేసిన కంచె చమురును ఒక ఒడ్డుకు తోస్తుంది, తోడే ఏర్పాటు ఆ ఒడ్డున ఉండాలి.

చిన్న వాగుకు కంచె కన్నా అడుగు గొట్టాల కట్ట మేలు. మట్టి, ఇసుక సంచులతో అడ్డుకట్ట వేసి, అందులో సిమెంటు లేదా పీవీసీ గొట్టాలు పెట్టాలి. ఎగువ మూతి అడుగున, దిగువ మూతి ఎత్తులో ఉండేలా వాలుగా పెట్టాలి. నీరు కింది నుంచి పోతుంది, చమురు పైన ఆగిపోతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టం, ఎగువ దిగువ నీటి మట్టాల తేడా 30 సెంటీమీటర్లుంటే, సెకనుకు సుమారు 100 లీటర్లు పంపుతుంది. వాగు పారకాన్ని చూసి గొట్టాల సంఖ్య లెక్కేసుకొని, ఒకటి అదనంగా పెట్టండి. ఇది చెడేది రెండు చోట్ల. గొట్టాలు చాలక నీరు కట్ట మీదుగా పొర్లుతుంది, అప్పుడు మొదట పోయేది చమురే. లేదా ఎగువ మూతి మీద నీరు చాలక సుడి తిరుగుతుంది, ఆ సుడి చమురును లోపలికి లాగుతుంది. సుడి కనబడితే మూతి మీద చెక్క పలక తేలేయాలి, లేదా దిగువ మూతిని ఇంకాస్త ఎత్తాలి.

కాకతీయ కాల్వ లాంటి పెద్ద కాల్వల్లో ఈ కట్ట ముందే కట్టి ఉంది. అడ్డు రెగ్యులేటర్ గేటు కింది నుంచి నీటిని వదులుతుంది. గేటును కొంత దించితే అదే అడుగు గొట్టం పని చేస్తుంది. కాల్వ నీరు సెకనుకు మీటరు వేగంతో పోతుంటే చమురు గంటకు మూడున్నర కిలోమీటర్లు పోతుంది. ఒలికినచోటికి పరుగెత్తకుండా రెండు గంటల దిగువన ఉన్న గేటుకు ఫోన్ చేయాలి. మధ్యలో డ్రాప్, అంటే కాల్వ నీరు ఒక్కసారిగా కిందికి దూకే మెట్టు ఉంటే దానికి ఎగువనే పట్టాలి. డ్రాప్ దూకితే చమురు నీళ్లతో చిలకబడి చేతికి రాదు.

చెరువులోకి చేరిపోతే తూము, మత్తడి సంగతి చూడాలి. తూము అడుగు నీళ్లు తీస్తుంది, మత్తడి పై నీళ్లు దూకిస్తుంది. చమురు ఉండేది పైన. కాబట్టి ఆగస్టు, సెప్టెంబరులో చెరువు నిండి మత్తడి పడుతున్నప్పుడు తూము తెరిచి మట్టం దించి మత్తడిని ఆపడమే మొదటి పని. మత్తడి గోడ మీద ఇసుక సంచులు వేసి కొంత సమయం సంపాదించొచ్చు, కానీ కట్ట బలం చూడకుండా ఎత్తొద్దు. ఎండాకాలంలో చెరువు అడుగంటి ఉంటే దీనికి పూర్తిగా తిరగేసి చేయాలి. తూము వెంటనే మూసేయాలి, నీరు తక్కువున్నప్పుడు సుడితో చమురు తూములోకి దిగుతుంది.

తీయడం: యంత్రమా, పత్తా

నిలిచిన నీటి మీద చమురు గాలి వేగంలో సుమారు 3 శాతం వేగంతో కదులుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలి ఉంటే నిమిషానికి 10 మీటర్లు. వానాకాలంలో మనకు నైరుతి గాలి కాబట్టి చమురు ఈశాన్య మూలకు చేరుతుంది. తోడే సామాను అక్కడ దించండి.

మున్సిపాలిటీ సెప్టిక్ ట్యాంక్ బండి అందరికీ తోచే ఉపాయం. మిల్లీమీటరు పొర మీద గొట్టం పెడితే నూటికి తొంభై వంతుల పైగా నీళ్లే లాగుతుంది, 5,000 లీటర్ల ట్యాంకు నిమిషాల్లో నిండిపోతుంది. ముందు కంచెతో చమురును మూలకు నెట్టి రెండు మూడు సెంటీమీటర్ల మందం చేశాకే గొట్టం పెట్టాలి. తోడింది అలాగే పంపకుండా 200 లీటర్ల డ్రమ్ముల్లో గంటసేపు నిలబెట్టి, అడుగు నల్లాతో నీటిని వేరు చేసి, ఆ నీటిని మళ్లీ కంచె లోపలికే వదలాలి. తిరిగే పళ్లేలకు చమురు అంటుకొని పైకొచ్చే రకం యంత్రం దొరికితే అది మేలు, నీళ్లు తక్కువ లాగుతుంది. పెట్రోల్ కలిసిందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ఏ ఇంజనూ దగ్గరికి రాకూడదు.

పీల్చే సరుకు విషయంలో వరంగల్‌కు ఉన్న బలం చాలా జిల్లాలకు లేదు. ఎనుమాముల మార్కెట్, చుట్టూ జిన్నింగ్ మిల్లులు. శుద్ధి చేయని పత్తి పోగు మీద సహజమైన మైనం ఉంటుంది. అది నీటిని తోసేసి నూనెను పట్టుకుంటుంది. అమెరికాలోని టెక్సాస్ టెక్ యూనివర్సిటీ పరిశోధనలో, ధర పలకని అపరిపక్వ పత్తి తన బరువుకు 30 రెట్లకు పైగా ముడిచమురు పట్టింది. బజారులో అమ్మే పాలీప్రొపిలీన్ ప్యాడ్ల కంటే అది ఎక్కువే. మిల్లులో తక్కువ రకమని పక్కన పెట్టే దూది ఈ పనికి మంచి దూది అన్నమాట.

అయితే 30 ప్రయోగశాల అంకె. డీజిల్ పలచన, ఎత్తేటప్పుడు కారిపోతుంది. 8 నుంచి 10 రెట్లు లెక్కేసుకోండి. 12,000 లీటర్ల డీజిల్ సుమారు 10 టన్నులు, అంతటినీ పత్తితోనే తీయాలంటే టన్ను నుంచి టన్నుంపావు, అంటే 170 కిలోల బేళ్లు ఆరేడు. ముందు తోడి, మిగిలినదానికే పత్తి వాడితే రెండు బేళ్లతో చాలావరకు పని నడుస్తుంది. మందుల షాపు దూది మాత్రం పనికిరాదు. దానికి మైనం తీసేసి ఉంటుంది కాబట్టి నీళ్లు తాగి మునుగుతుంది. రంపపు పొట్టు కూడా కొంతసేపటికి మునిగిపోతుంది. వరిగడ్డి తక్కువ పీలుస్తుంది కానీ కంచెకు ముందు మోపులుగా వేస్తే ఆసరా అవుతుంది.

విడి పత్తిని నీటి మీద చల్లొద్దు, ఏరలేరు. చేపల వలను 20 సెంటీమీటర్ల గొట్టంలా కుట్టి, మీటరుకు ఒకటిన్నర కిలో చొప్పున వదులుగా నింపండి. గట్టిగా కూరితే చమురు లోపలికి పోదు. పక్కన మూత బిగించిన ఖాళీ నీళ్ల సీసాలు కట్టాలి, కింద 30 సెంటీమీటర్ల టార్పాలిన్ అంచు వేలాడదీసి దానికి ఇనుప గొలుసు బరువు పెట్టాలి. అంచు లేని పత్తి గొట్టం పీలుస్తుంది గానీ ఆపదు. నిండినది వెంటనే మార్చకపోతే అలల తాకిడికి చమురును మళ్లీ వదిలేస్తుంది. అందుకే ఒక వరుస నీళ్లలో ఉంటే రెండో వరుస ఒడ్డున సిద్ధంగా ఉండాలి.

కట్ట రాళ్లకు అంటిన చమురును ఫైరింజన్ గొట్టంతో కొట్టొద్దు. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి సుమారు 4 కోట్ల లీటర్లు ఒలికితే, వేడినీళ్లను ఒత్తిడితో కొట్టి రాళ్లు కడిగారు. చమురు తట్టుకొని బతికిన జీవులు ఆ కడుగుడుకు చచ్చాయి. పత్తితో తుడిచి, మిగిలిన మరకను ఎండకు, సూక్ష్మజీవులకు వదిలేయడం మేలు.

వదిలేయడం ఎప్పుడు సరైన ఎంపిక

పలచటి రంగుల పొర, పెట్రోల్, తుడిచాక మిగిలిన మరక, వీటికి వదిలేయడమే పని. తడిసిన మట్టికి మాత్రం వదిలేస్తే చాలదు, సాయం చేయాలి. పాలిథిన్ పరిచిన మడిలో 20–30 సెంటీమీటర్ల మందాన పరిచి, పిండితే నీరు కారనంత తడి ఉంచుతూ, వారానికోసారి తిరగేయాలి. సూక్ష్మజీవులకు కర్బనం 100 పాళ్లకు నత్రజని 10, భాస్వరం 1 కావాలి. ఆ లెక్కన మట్టిలో ఉన్న ప్రతి 10 కిలోల డీజిల్‌కు సుమారు 1.7 కిలోల యూరియా, 400 గ్రాముల డీఏపీ. ఒకేసారి వేస్తే ఉప్పు ఎక్కువై సూక్ష్మజీవులే చస్తాయి, మూడు నాలుగు విడతలుగా వేయాలి. నెలలు పడుతుంది. టెరి సంస్థ తయారుచేసిన ఆయిల్‌జాపర్ అనే సూక్ష్మజీవుల మిశ్రమం 2010లో ముంబై తీరాన ఒలికిన చమురుకు వాడారు. అది మట్టికి, మడ్డికి పనికొస్తుంది. పారే వాగులో చల్లితే కొట్టుకుపోతుంది.

చమురు పట్టిన పత్తి, మట్టి ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది. ఇటుక బట్టీలకు ఇవ్వకూడదు, డంపింగ్ యార్డుకు పంపకూడదు. కాలుష్య నియంత్రణ మండలికి తెలిపి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి చేర్చాలి. అప్పటిదాకా మూత ఉన్న డ్రమ్ముల్లో, నీడలో, రోజూ లెక్క రాసి ఉంచాలి. రవాణా, శుద్ధి ఖర్చు బరువును బట్టే ఉంటుంది. చారెడు చమురుకు తట్టెడు మట్టి తవ్వితే ఆ ఖర్చంతా మీద పడుతుంది.

నీళ్ల నమూనా గాజు సీసాలోనే తీయాలి, ప్లాస్టిక్ చమురును పీల్చుకొని తప్పుడు లెక్క ఇస్తుంది. పై పొర తగలకుండా ఒక అడుగు లోతు నుంచి, మత్తడి దగ్గర ఒకటి, తూము దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి. ఫలితం వచ్చేదాకా చేపలు పట్టడం ఆపాలి. చమురు వాసన పట్టిన చేప బతికున్నా తినడానికి పనికిరాదు. తూము మళ్లీ తెరిచిన రోజు మొదటి నీళ్లను నారుమళ్లకు కాకుండా బీడు పొలాలకు మళ్లించాలి.